ఉలవలు ఉడికేంత సేపు

ఇంకా 21 రోజులు

ఈ పుస్తకం నాది కాదు, తూకం ఆఫీసు వాళ్ళు ఇచ్చారు. పేజీకి మూడు గడులు: ఏం వండారు, పొయ్యి ఎంత సేపు వెలిగింది, ఎవరెంత తిన్నారు. చివర వేలెడంత గడి, దాని మీద 'ఇతరములు' అని ఉంది. నేను చెప్పుకోవాల్సినవన్నీ ఆ ఇతరములలోనే ఉన్నాయి, అందుకని గీతలు దాటి రాస్తున్నాను. చదివేవాళ్ళకి కోపం వస్తే రానీ.

నా పేరు ఎర్రయ్యమ్మ. కొండలో మూడో మెట్టు, ఏడో సందు. ఇంట్లో నలుగురం: నేను, మా ఆయన సింహాద్రి, మా అత్త పైడమ్మ, కూతురు నీలవేణి. నీలికి ఏడేళ్ళు. ఏడేళ్ళ పిల్ల పదిహేడు కిలోలు తూగాలి. ఇది పదహారు కిలోల రెండు వందలు తూగింది. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఇరవై ఒక్క రోజుల తర్వాత మూడో తూకం. అదీ తప్పితే పిల్లని కింది మెట్టులో పోషణశాలకి తీసుకుపోతారు.

పోషణశాల జైలు కాదని తూకం మేడమ్ స్వర్ణలత గారు నాకు రెండుసార్లు చెప్పారు. కాదనే అనుకుందాం. ఎదురింటి కొండమ్మ కొడుకు ఆరేళ్ళప్పుడు వెళ్ళి పన్నెండేళ్ళకి తిరిగొచ్చాడు. బలంగానే ఉన్నాడు. కన్నతల్లిని 'అండీ' అని పిలుస్తాడు.

అక్కడ పెట్టేది కంపెనీ ముద్ద. చల్లగా, తెల్లగా, గిన్నెలోంచి గిన్నె ఆకారంలోనే ఊడొస్తుంది. పొయ్యి అక్కర్లేదు. ఒక్క గిన్నె ముద్ద ధరకి వారం రోజుల నూకలు వస్తాయి, అయినా కొని చూశాం. నీలి మింగిన ప్రతిసారీ కక్కింది. కాబట్టి నూకలు, చోళ్ళు అనే రాగులు, ఉలవలు, వారానికో అచ్చు బెల్లం. వీటితో ఎనిమిది వందల గ్రాముల పిల్లని తయారు చెయ్యాలి నేను.

ఈరోజు: పొద్దున చోడి అంబలి, ఆరు నిమిషాలు. సాయంత్రం నూకల అన్నం, పచ్చిపులుసు. పులుసుకి పొయ్యితో పని లేదు, ఆ మహాతల్లి ఎవరు కనిపెట్టిందో గానీ.

ఇంకా 20 రోజులు

మా ఇంటికి రోజుకి ముప్పై అయిదు నిమిషాల పొయ్యి. కొండ బయట ఎండలో బండ మీద పిండి తట్టి పెడితే రొట్టె కాలుతుంది, కొండ లోపల బతికే మాకు నిప్పు నిమిషాల లెక్కన ఇస్తారు. లోపల పుట్టిన సెగనంతా ఫాన్లు బయటికి తోసి పారెయ్యాలి కదా. మనిషి ఒళ్ళు కూడా సెగేనట. అందుకే బడీ పనీ కాకుండా ఇంట్లోంచి ఎవరైనా గంట సేపు బయటికి వెళ్ళి కూర్చుంటే, తలుపు దగ్గర మీటర్ చూసుకుని పొయ్యికి ఆరు నిమిషాలు కలుపుతుంది.

ఇది కొత్త సంగతేం కాదు. మా సందులో వంట వేళకి ముందు ముసలీ ముతకా అంతా గోడవారన చాపలేసుకుని కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాడు చూస్తే పేరంటమనుకుంటాడు.

అత్తని అడిగాను. "రోజుకి మూడు గంటలు బయట కూర్చో అత్తా. పద్దెనిమిది నిమిషాలొస్తాయి."

"మూడేటి, నాలుగు కూర్సుంటాను. ఇంట్లో నీ మొకం సూసీ కన్నా సందులో గోడ సూడ్డం నయం" అంది.

మా అత్త నోరు అంతే. ఆవిడకి నా వంట నచ్చదు, నాకు ఆవిడ పెత్తనం నచ్చదు. అన్నం వార్చి గంజి తియ్యమంటుంది. నేను అత్తెసరు పడేస్తాను, నిమిషాలు మిగులుతాయని.

అత్త బయట నాలుగు గంటలు. లాభం ఇరవై నాలుగు నిమిషాలు.

ఇంకా 18 రోజులు

ఒక పొంగు రాగానే గిన్నె దించి బొంతలో చుట్టి మూల పెట్టేస్తున్నాను. నూకలు ఆ వేడికే మగ్గిపోతాయి. చోడి సంకటి కూడా బాగానే వస్తోంది. ఉలవలు మాత్రం నా మాట వినడం లేదు. రాత్రంతా నానబెట్టి, అరగంట ఉడికించి, బొంతలో పెట్టి తీస్తే పళ్ళకింద రాళ్ళే. నీలి నాలుగు గింజలు నమిలి కడుపునొప్పని పడుకుంది.

అత్తకి అది చాలు. "అరగంటకి ఉలవలు ఉడుకుతాయేటే? దంతాలకి పని, కడుపుకి సున్నా. ఒక్క రోజు నాకు రెండు గంటల పొయ్యి ఇయ్యి. ఎన్నలాగ సేసి పెడతాను. అయి కడుపులోకి దిగితే మన నీలి గుంట ఒళ్ళు ఇలగ ఉండదు."

"రెండు గంటలు నేనెక్కణ్ణించి తేను? పిండి కొద్దీ రొట్టె."

"మా అమ్మ దాలిలో పెట్టీది. పొద్దున పెడితే సాయంత్రానికి సారు ఎర్రగా, సిక్కగా."

దాలి అంటే నీలికి తెలియదు. పిడకలు రగిల్చి, ఆ నివురు సెగ మీద కుండ పెట్టి వదిలేసే గుంట అని అత్త చెప్పింది. నీలి పిడకంటే ఏమిటని అడిగింది. ఆవు దగ్గర మొదలుపెట్టి చెప్పాల్సొచ్చింది. నేను మాత్రం విసుక్కున్నాను. లేని ఆవు, లేని పిడకల మీద వంట చెయ్యడానికి నాకు తీరిక లేదు.

ఇంకా 14 రోజులు

రేషన్ కొట్టు కాటా మీద నీలిని నిలబెట్టాను. పదహారు కిలోల అయిదు వందల యాభై. వారంలో మూడు వందల యాభై గ్రాములు. కొట్టతను రెండుసార్లు చూశాడు. సందు పొడుగునా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. బొంత వంట ఎలాగో ముగ్గురికి నేర్పాను కూడా. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను, ఎందుకో తెలియదు.

సింహాద్రి తన సంకటిలో సగం నీలి కంచంలో వేశాడు. పుట్టగొడుగుల గదుల్లో పన్నెండు గంటలు వంగి పనిచేసే మనిషి. వద్దని అనలేదు నేను. అనాలి కదా, అనలేదు.

ఇంకా 12 రోజులు

ఉలవల డబ్బా తగ్గుతోంది. నేను వారానికి రెండుసార్లే తీస్తున్నాను, కానీ రోజుకి గిద్దెడు చొప్పున పోతోంది. నిన్న డబ్బా లోపల బొగ్గుతో గీత పెట్టాను. ఈరోజు గీత కింద రెండు వేళ్ళు ఖాళీ.

ఇంట్లో ఉండేది నలుగురం. ఒకడు పనికి పోతాడు, ఒకతి బడికి పోతుంది.

ఇంకా 11 రోజులు

అడిగేశాను.

అత్త సందులోకి వెళ్ళడానికి చాప చుట్టుకుంటోంది. "ఉలవలు ఏమైపోతున్నాయత్తా?" అన్నాను. చాప చంకన పెట్టుకుంది. "పచ్చి ఉలవలు బుక్కుతున్నావా, ఎవరికైనా ఇస్తున్నావా? పిల్ల గ్రాముల కోసం నేను చస్తుంటే నీకు నోరెలా ఆడుతోంది?"

"ఏటే, నాను దొంగనేటే?"

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను."

ఆవిడ నా చేతిలో ఉన్న ఈ పుస్తకం వైపు చూసింది.  "నీ సేతిలో ఆ పుస్తకం ఉన్నంత కాలం నీకేటీ సెప్పను" అంది.

ఆ మాటకి అర్థం నేనేం తీసుకున్నానో రాస్తున్నాను, దాచుకోను. తన పేరు దొంగల పుస్తకంలోకి ఎక్కుతుందని భయపడిందనుకున్నాను. డబ్బాకి తాళం వేశాను. తాళం చెవి మెళ్ళో పుస్తెలతో కలిపి కట్టుకున్నాను.

అత్త వెళ్ళిపోయింది. అయిదు గంటల తర్వాత వచ్చింది. లాభం ముప్పై నిమిషాలు. ఆ ముప్పై నిమిషాలతో రెండు అట్లు ఎక్కువ పోశాను.

ఇంకా 7 రోజులు

పదహారు కిలోల ఆరు వందలు. వారం మొత్తానికి యాభై గ్రాములు.

కొట్టతని కాటా తప్పేమోనని బెల్లం అచ్చు పెట్టి తూచాను. కాటా తప్పు కాదు.

ఏం తగ్గించాను? ఏమీ తగ్గించలేదు. అంబలి అదే, అన్నం అదే, బెల్లం నాదీ అత్తదీ కూడా దానికే పెడుతున్నాను. నేను ఒక పూట తిండి మానేసి నాలుగు రోజులైంది. కొండమ్మ సలహా ఇచ్చింది: తూకానికి ముందు పిల్ల చేత నీళ్ళు తాగించు, జడలో ఇనప ముక్క పెట్టు అని. జడలు విప్పి తూస్తారు. నీళ్ళు తాగిన పిల్లల్ని గంటసేపు కూర్చోబెట్టి తూస్తారు. మా ఊళ్ళో తల్లులు చెయ్యని మోసం లేదు, వాళ్ళు పట్టుకోని మోసమూ లేదు.

అన్నం తింటూ నీలి అడిగింది, "చారు ఇంక ఉండదా?"

"పులుసు పోసుకో" అన్నాను. అది అత్త వైపు చూసింది. అత్త కంచంలోకి చూసుకుంది. నాకేం తట్టలేదు. బుర్రలో గ్రాములు తప్ప ఇంకేం లేవు.

ఇంకా 5 రోజులు

అత్త మధ్యాహ్నానికని సంకటి పొద్దునే గుడ్డలో కట్టుకుని బయటికి వెళ్తోంది. "నా తిండి నాకిష్టమొచ్చిన కాడ తింటాను" అని నాకు వినబడేట్టు గోడతో అంటుంది. తిను. నాతో మాట్లాడదు, నేనూ మాట్లాడను. ఆరు గంటలు బయట. లాభం ముప్పై ఆరు నిమిషాలు.

మనిషి ఎర్రబడి వస్తోంది. వచ్చాక చెంబుడు నీళ్ళు గటగటా తాగి పడుకుంటోంది. సందులో ఇంత ఉక్క ఉందా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

ఇంకా 3 రోజులు

పదహారు కిలోల ఎనిమిది వందల యాభై!

నాకేం అర్థం కాలేదు. అర్థం కానక్కర్లేదు కూడా. ఇంకా నూట యాభై. మూడు రోజుల్లో నూట యాభై. మొక్కని దేవుడు లేడు.

గోరుచుట్టు మీద రోకటి పోటులా సాయంత్రం మైకులో చెప్పారు: రోహిణి కార్తె, బయట ఎండ మితి మీరింది, రేపటి నుంచి ఫాన్లు సగం వేగంతో తిరుగుతాయి, పొయ్యి నిమిషాలు పది తగ్గిస్తున్నాం. రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. కొండ పగలనందుకు సంతోషించాలి.

అత్తని చూశాను, మాట కలిపాను. వారం రోజుల తర్వాత మొదటి మాట అది. "అత్తా, రేపూ ఎల్లుండీ ఇంకో గంట ఎక్కువ బయట కూర్చుంటావా? పది నిమిషాలు తగ్గించారు."

"కూర్సుంటాన్లే" అంది.

ఇంకా 2 రోజులు

మధ్యాహ్నం నీలి బడి నుంచి ఒక్కతీ పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, మామ్మ లేవట్లేదు. పిలుస్తుంటే లేవట్లేదు."

సందులోకి పరిగెత్తబోయాను. నీలి నా చెయ్యి పట్టుకుని ఇంకో వైపు లాగింది. సందు చివర, మెట్లు దిగి, పొగగొట్టం దగ్గరికి. అందులో పొగ ఉండదు, ఊరి సెగంతా అందులోంచి పైకి పోతుంది, అయినా పొగగొట్టమనే అంటాం. దాని ఇనప తలుపు పక్కన మనిషి కూర్చునేంత గూడు ఉంది. అక్కడ గొట్టాన్ని చెయ్యి ముట్టుకుంటే బొబ్బలెక్కుతుంది.

అత్త ఆ గూట్లో గోడకి చేరబడి ఉంది. ఆవిడ కొంగు చింపి కట్టిన చిన్న కుండ గొట్టానికి ఆనించి ఉంది. ముట్టుకున్నాను, ముందు ఆవిణ్ణి. ఆవిడ ఒళ్ళూ కుండా ఒకలాగే కాలుతున్నాయి. కొండమ్మ, నేను కలిసి సందులోకి మోసుకొచ్చాం. నీళ్ళు చల్లాం, అరికాళ్ళు రుద్దాం. ఆస్పత్రి మనిషి వచ్చి ఆవిడ రెప్పలు ఎత్తి చూసి మూసేశాడు.

నీలి చెప్పింది. బడి విరామంలో రోజూ మామ్మ దగ్గరికి వెళ్ళేదట. మామ్మ ఉలవచారు పోసి, గుగ్గిళ్ళు నలిపి పెట్టేదట. 'ఇది మన దాలి, మీ అమ్మకి సెప్పకు, అది పుస్తకంలో రాసీస్తాది' అనేదట. పొగగొట్టం దగ్గర కుండ పెడితే ఇంటి పొయ్యి నెల రోజులు కోసేస్తారు. ఆ సంగతి నాకూ తెలుసు.

"అందరం కాసేపే కూర్సుంటాం, తను గంటలకి గంటలు సందులో కూర్సుంటే ఆ సెగకి మా నిమిషాలు తగ్గుతున్నాయని మేమే లేపేసినాం" అంది కొండమ్మ, తల దించుకుని. "మొదట్లోనే. అప్పుడే ఆ గూడు సూసుకుంది. నువ్వు డబ్బాకి తాళమేసినాక నాలుగు రోజులు కుండ బోర్లించీసింది. మరి ఉండబట్టలేక నా కాడికొచ్చింది. తన సంకటి నాకిచ్చి ఉలవలు అట్టుకెళ్ళీది. కుండ ఎవులైనా ఎత్తుకుపోతారని అక్కడే కూర్సునీది."

ఈరోజు ఫాన్లు సగం వేగం. గూట్లో సెగ ఎక్కడికీ పోలేదు. ఆవిడ అక్కడ అయిదు గంటలుంది, అందులో మొదటి గంట నేను అడిగి పెట్టించింది, దానికోసమే పొద్దున ముందుగా వెళ్ళింది.

ఏం వండారు: ఏమీ లేదు.

ఇంకా 1 రోజు

అత్తని పొద్దున పై తలుపు దాటించారు. నలభై ఏళ్ళ తర్వాత ఎండలోకి వెళ్ళింది. మమ్మల్ని గడప దగ్గరే ఆపేశారు. సింహాద్రి గోడకి తల ఆనించి ఏడ్చాడు. ఉలవల డబ్బా తాళం గురించి అతనికి చెప్పాను.  తిట్టి ఉంటే బావుండేది.

చిన్నదినం కర్మ జరిగేదాకా చావింట్లో పొయ్యి వెలిగించకూడదు. ఇరుగుపొరుగు తెచ్చి పెట్టాలి. తెచ్చారు, పాపం, తగ్గిన నిమిషాల్లోంచే తెచ్చారు: తలా గరిటెడు జావ. రేపు తూకం. పిల్ల నిన్నటి నుంచి సరిగ్గా తినలేదు.

నిన్న గూట్లోంచి తెచ్చిన కుండ మూల ఉంది. మూతికి కట్టిన గుడ్డ విప్పాను. చారు ఎర్రగా, చిక్కగా ఉంది. గింజ రెండు వేళ్ళ మధ్య పెడితే వెన్నలా నలిగింది. వాసనకి నీలి లేచి కూర్చుంది.

కొండమ్మ వచ్చి చూసింది. "అది పారబొయ్యాలే. సావింటి వంట పిల్లకి పెడతావేటి?"

"ఇది ఇంట్లో వండింది కాదు" అన్నాను.

 కొండమ్మ తలుపు దగ్గరగా వేసి, ఎవరూ రాకుండా బయట కూర్చుంది. నీలికి కలిపి పెట్టాను. చివరి గింజ దాకా తిన్నది. కుండ అడుగు వేలితో నాకింది. నేను ఒక్క చుక్క కూడా రుచి చూడలేదు. నాకు ఆ హక్కు లేదు.

తూకం రోజు

పదిహేడు కిలోల నలభై గ్రాములు.

స్వర్ణలత గారు ముద్ర వేశారు. "మంచి తల్లివి" అన్నారు. పుస్తకం ఆవిడ బల్ల మీద పెట్టాను. కుండ, గూడు, గొట్టం, తాళం, అన్నీ అందులో రాసే పెట్టాను, ఒక్క ఆకు చింపలేదు. పొయ్యి కోస్తే కోసుకోనీ అనుకున్నాను. ఆవిడ మొదటి పేజీలో పేరు చూసి, ఆఖరి పేజీలో సంతకం పెట్టి తిరిగి నా చేతికిచ్చారు.

"చదవరాండీ?" అన్నాను.

"ఇన్ని పుస్తకాలు ఎవరు చదువుతారమ్మా? తూకం వచ్చిందిగా. పుస్తకం ఇచ్చేది తల్లులకి శ్రద్ధ కలగాలని."

ఎవరూ చదవని పుస్తకానికి భయపడి మా అత్త నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే మంచినీళ్ళైనా పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. వంతు వేసుకుని కుండ దగ్గర నేను కూర్చునేదాన్ని. దారి పొడుగునా నీలి నా వేలు పట్టుకుని గెంతుతూ వచ్చింది. దాని చెయ్యి వదల్లేక, పుస్తకం పారెయ్యలేక, రెండూ పట్టుకుని ఇంటికొచ్చాను.

చిన్నదినం

ఈ పేజీ ఎవరూ అడగలేదు. ఖాళీగా ఉందని రాస్తున్నాను.

పొద్దున మీటర్‌లోంచి చీటీ వచ్చింది. నమోదైన మనుషులు నలుగురికి బదులు ముగ్గురు. ఒక మనిషి సెగ శాశ్వతంగా తగ్గినందున, గంటకి ఆరు చొప్పున, రోజుకి నూట నలభై నాలుగు నిమిషాల పొయ్యి అదనం. సింహాద్రి చదివి చీటీ నాకిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు.

స్నానం చేసి, డబ్బా తాళం తీసి, తాళాన్ని చెత్తలో వేశాను. నిన్న నానబెట్టిన ఉలవలు పొయ్యి మీద పెట్టాను. ఎవరినీ బయటికి పొమ్మనలేదు. నేనూ పోలేదు. పొయ్యి ముందు కూర్చుని చూస్తూ ఉన్నాను. గంటైంది, గంటన్నరైంది. మీటర్ ఒక్కసారి కూడా కూయలేదు. రెండు గంటలు దాటాక గింజ తీసి నలిపితే నలిగింది.

ఆవిడ నన్ను రెండు గంటలే అడిగింది.

ఏం వండారు: ఉలవచారు. పొయ్యి: రెండు గంటల పది నిమిషాలు. ఎవరెంత తిన్నారు: నీలి రెండు గిన్నెలు, సింహాద్రి ఒకటి. నేను అలవాటుగా నాలుగో కంచం కూడా వేశాను, అందులో వడ్డించాను, అది నేనే తిన్నాను.